పొద్దున ఒక గంట నా చదువుకు మిగలాలంటే ఏం చేయాలి?

మిద్దెమీద_పొద్దు (అనంతపురం):

అందరికీ నమస్తే. అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. గవర్నమెంటు స్కూల్లో ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు) పోస్టు కోసం డీఎస్సీ పరీక్షకు చదువుతున్నాను. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. మా ఆయనకు తాడిపత్రిలో పని, ఏడు గంటల బస్సు పట్టుకోవాలి. అత్తమ్మ మాతోనే ఉంటారు, మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేరు. నేనూ పిల్లలూ ఎనిమిదింబావుకు ఇంట్లోంచి బయటపడాలి.

సాయంత్రం వచ్చాక పిల్లల హోంవర్కు, వంట, నోటుబుక్కులు దిద్దడం, ఇవన్నీ అయ్యేసరికి పది దాటుతుంది, అప్పుడు పుస్తకం తీస్తే అక్షరాలు కనిపిస్తాయి గానీ తలకు ఏమీ ఎక్కదు. అందుకని పొద్దున చదవాలని ఉంది. వీడియోలు చూస్తే నాలుగున్నరకు లేవాలి, ధ్యానం చేయాలి, వ్యాయామం చేయాలి, డైరీ రాయాలి, చన్నీళ్లతో స్నానం చేయాలి అంటారు. అట్లా లేచిన రోజుల్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చే పీరియడ్‌లో బోర్డు దగ్గర నిలబడే కళ్లు మూతలు పడతాయి, తలనొప్పి, సాయంత్రానికి పిల్లల మీద ఊరికే కోపం వస్తుంది. పైగా మా వీధికి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి, అదీ ఐదున్నర ప్రాంతంలో. ఆ రోజు సంపు నింపి, మోటరు వేసి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించి, తాగే నీళ్లు బిందెలకు పట్టుకునేసరికి ఆరున్నర.

ఇప్పుడు పడుకునేది పదకొండున్నరకు, నీళ్లు రాని రోజు లేచేది ఆరుకు. ఆరు నుంచి ఎనిమిదింబావు దాకా ఊపిరి తిప్పుకోవడానికి ఉండదు. నాకు పెద్ద జాబితా వద్దు. ఒకటి రెండు పనులతో, ఇట్లాంటి ఇంట్లో కూడా నిలబడే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి. ఒక్క గంట ప్రశాంతంగా చదువుకుని, స్కూలుకు చేరేసరికే అలసిపోకుండా ఉంటే నాకు చాలు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

అక్కా, నేను గ్రూప్-2కు చదువుతున్నా, రూములో ఒక్కడినే ఉంటా కాబట్టి మీ ఇంటి పనితో నాకు పోలిక లేదు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తా. ఫోను పడుకునే గదిలో పెట్టుకోవద్దు. అలారానికి ఫోనే కావాలి అనిపిస్తుంది, కానీ అలారం ఆపిన చెయ్యి అట్నే వాట్సాప్ తెరుస్తుంది, అందులో డీఎస్సీ గ్రూపు, దాంట్లో ఎవరో పెట్టిన నోటిఫికేషన్ పుకారు, దాని కింద వంద మెసేజీలు, పుస్తకం తెరవకముందే టెన్షన్ మొదలు. చిన్న అలారం గడియారం కొనుక్కోండి. రాత్రే చదవాల్సిన పేజీ తెరిచి, పక్కన పెన్ను పెట్టి పడుకోండి. పొద్దున లేచాక ఏం చదవాలా అని వెతుక్కునే పని ఉండకూడదు, ఆ వెతకడంలోనే పావుగంట పోతుంది.

నైట్‌డ్యూటీ_అక్క (కర్నూలు):

నేను స్టాఫ్ నర్సుని. డ్యూటీలు మారుతూ ఉంటాయి కాబట్టి నిద్ర ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోకుండా మా ఉద్యోగం సాగదు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకుని చదవమ్మా.

ముందు లెక్క చూడండి. పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తే ఐదు గంటలే నిద్ర. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటలు కావాలి. ఆ రెండు గంటలూ రోజూ తగ్గుతూ పోతే మధ్యాహ్నం బోర్డు దగ్గర కళ్లు మూతలు పడటం మీ బద్ధకం కాదు, మనసు గట్టిగా లేకపోవడం కూడా కాదు. ఇంకో సంగతి, నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారుజామున కలలొచ్చే నిద్ర ఎక్కువ. చదివింది గుర్తుండటానికి ఈ రెండు రకాల నిద్రా సాయపడుతుంది. చదువు కోసమని తెల్లవారుజాము నిద్రను కోసేస్తే రాత్రి చదివిందే సరిగా నిలవదు. అందుకని మీ పొద్దుటి రొటీన్ మొదలయ్యేది రాత్రి పది గంటలకు. పది, పదింబావు లోపల పడుకోగలిగితేనే ఐదుంబావుకు లేవండి. అది కుదరని రోజు ఆరుకే లేవండి, తప్పేమీ లేదు. రాత్రికి రాత్రి గంటన్నర ముందుకు జరపాలని చూడొద్దు, పడుకోవడం, లేవడం రెండూ కలిపి కొన్ని రోజులకు పావుగంట చొప్పున జరుపుకుంటూ రండి, ఒళ్లు అలవాటు పడుతుంది.

లేచిన వెంటనే తల మొద్దుగా ఉంటుంది కదా, అది అందరికీ ఉండేదే. మామూలుగా పావుగంట నుంచి అరగంట దాకా ఉంటుంది, నిద్ర చాలకపోతే ఇంకా ఎక్కువసేపు. ఆ అరగంటలో పుస్తకం పట్టుకుని "నాకు ఎక్కడం లేదు" అని దిగులు పడొద్దు. ఆ టైముకు చేతి పని పెట్టుకోండి, మొహం కడుక్కోవడం, వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, పాలు కాచడం. దాని తర్వాత కూర్చోండి. లేవగానే లైటు వేసుకోండి. పొద్దు పొడిచాక ఏదో ఒక వంకతో పది నిమిషాలు మిద్దె మీదికో వాకిట్లోకో వెళ్లండి. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, ఇంట్లో ట్యూబ్‌లైటు ఎంత వెలిగినా కొన్ని వందల లక్స్, బయటి వెలుతురు వేలల్లో ఉంటుంది. కంట్లో పడే ఆ వెలుతురును బట్టే మెదడులోని గడియారం తన టైము సరిచేసుకుంటుంది, దాన్ని బట్టే రాత్రి నిద్ర ఎప్పుడు రావాలో తేలుతుంది. శరీరంలోని ఈ గడియారం కణాల లోపల ఎట్లా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు నోబెల్ ఇచ్చారు. మన దగ్గర జూన్‌లో ఆరు లోపే పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరూ ముప్పావు అవుతుంది, కాబట్టి చలికాలంలో లేవడం కష్టంగా అనిపించడానికి కారణం ఉంది.

టీ గురించి కూడా చెప్పాలి. సాయంత్రం ఆరు గంటలకు నోటుబుక్కులు దిద్దుతూ తాగే టీలోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదకొండుకు కూడా ఒంట్లోనే ఉంటుంది. పదికి నిద్ర రావాలంటే చివరి టీ స్కూల్లో మధ్యాహ్నమే తాగేయండి. పొద్దున టీ తాగండి, అభ్యంతరం లేదు, కాకపోతే టిఫిన్‌తో కలిపి కాకుండా ఒక గంట తేడా పెట్టుకోండి. టీ వల్ల తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

ఇక్కడే అసలు చెప్పదలుచుకున్నది. అలసట, తలనొప్పి, ఊరికే కోపం అని రాశారు. ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. గర్భిణులు కాని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. రక్తం తక్కువగా ఉన్న మనిషికి ఏ రొటీన్ చెప్పినా లాభం లేదు, ముందు అది సరిచేసుకోవాలి. దయచేసి ఇది వాయిదా వేయకండి.

బుడ్డలచేను (అనంతపురం పక్కన పల్లె):

నర్సమ్మ రాసింది నూటికి నూరు పాళ్లు నిజం. మేము నాలుగున్నరకు లేస్తాం అంటే ఊరంతా ఎనిమిదిన్నర, తొమ్మిదికి పడుకుంటాం కాబట్టి. టౌనులో పదకొండున్నరకు పడుకుని మా మాదిరి లేవాలంటే ఎట్లా కుదురుతుంది.

నాకు బుడ్డల (వేరుశనగ) చేను, కొంచెం మల్బరీ తోట ఉన్నాయి. మా పొద్దు కాలాన్ని బట్టి మారుతుంది చెల్లెమ్మా. ఏప్రిల్, మేలో నలభై దాటిన ఎండ, ఐదుకు చేనికాడ ఉంటే పదికల్లా ఇంటికి రావాలి, లేదంటే ఒళ్లు తట్టుకోదు. చలికాలం ఏడుకు పోయినా ఇబ్బంది లేదు. మోటరుకు త్రీఫేజ్ కరెంటు ఏ టైములో ఇస్తే ఆ టైములో నీళ్లు పెట్టుకోవాలి, అది మన చేతిలో లేదు. కానీ పట్టుపురుగులు ఉన్న రోజుల్లో ఒక్క పని మాత్రం కదలదు. చల్లపొద్దున ఆకు కోయాలి, ఎండ ఎక్కాక కోస్తే ఆకు వాడిపోతుంది, వాడిన ఆకు పురుగుకు మంచిది కాదు. మిగిలిన పనులన్నీ ఆ ఒక్క పనికి ముందో వెనకో సర్దుకుంటాయి. మీరూ అట్లా ఒక్కటి పెట్టుకోండి. చదువు అనుకుంటే చదువే. ధ్యానం, డైరీ, చన్నీళ్లు, ఇవన్నీ ఇప్పుడు మీకు అక్కర్లేదు, ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు.

ఇంకొకటి. మన జిల్లాలో వాన పడితే నేలలో పదును (తడి) ఆరకముందే విత్తనం వేయాలి, ఆ ఒకటి రెండు రోజులు దాటితే అదే భూమి, అదే విత్తనం, మొలక మాత్రం పలచన. తల కూడా అంతే అని నా నమ్మకం. నిద్ర చాలిన పొద్దున తలకు పదును ఉంటుంది, అప్పుడు మీకు కష్టమనిపించే సబ్జెక్టు పెట్టుకోండి. కరెంట్ అఫైర్స్ మాదిరి చూసి వదిలేసే వాటికి ఆ గంట ఖర్చు చేయొద్దు, వాటిని మధ్యాహ్నం స్కూల్లో చూసుకోవచ్చు. మా పెద్దకూతురు నర్సింగ్ ఎంట్రన్సుకు అట్లే చదివింది, ఫిజిక్సు పొద్దున, తక్కినవి సాయంత్రం.

ఏడురోడ్ల_అమ్మమ్మ (కడప):

తల్లీ, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఇద్దరు పిల్లలను పెంచుతూ, అత్తగారు మంచాన ఉండగా ప్రమోషను పరీక్షలు రాశాను. అందరూ నీ నిద్ర గురించి, నీ ఫోను గురించి, నీ టీ గురించి చెబుతున్నారు. అన్నీ మంచి మాటలే. కానీ నీ ప్రశ్న చదువుతుంటే నాకు కనిపించింది వేరే. నలుగురు మనుషులకు కావలసిన పనంతా ఒక్క మనిషి చేతుల మీదుగా పోతోంది. ఆ ఇంట్లో పొద్దుటి పని ఎవరెవరిది అన్నది తేలకుండా నువ్వు ఎన్ని గంటలకు లేచినా, లేచిన ఆ టైములోకి ఇంకో పని వచ్చి చేరుతుంది. నాలుగుకు లేస్తే నాలుగు నుంచి పని మొదలవుతుంది, అంతే.

మీ ఆయన ఏడు గంటల బస్సుకు వెళతాడు అన్నావు. నీళ్లు వచ్చేది ఐదున్నరకు. అంటే నీళ్లు వచ్చినప్పుడు అతను ఇంట్లోనే ఉన్నాడు. సంపు నింపడం, మోటరు వేయడం, బిందెలు పట్టడం అతని పని చెయ్యి. అడగడానికి మొహమాటపడొద్దు. గొడవగా కాదు, ఆదివారం కూర్చోబెట్టి చెప్పు, ఈ పరీక్ష పాసయితే ఇంటికి వచ్చేది గవర్నమెంటు జీతం, అది ఇద్దరి పిల్లల చదువు, కాబట్టి ఈ నెలలు ఇద్దరం కలిసి మోయాలి అని. చాలామంది మగవాళ్లకు చేయకూడదని ఉండదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి పట్టించుకోరు. చెప్పాక కూడా చేయకపోతే అప్పుడు మళ్లీ మాట్లాడదాం.

అత్తమ్మ నిలబడలేరు గానీ కూర్చుని చేయగలరు. రాత్రి టీవీ చూస్తూ కూరగాయలు తరగడం, వెల్లుల్లి ఒలవడం, పొద్దున పాపకు జడ వేయడం, బాబుకు టిఫిన్ తినిపించడం, ఇవన్నీ కుర్చీలో కూర్చుని అయ్యే పనులు. పెద్దవాళ్లకు కూడా తమ అవసరం ఇంట్లో ఉందని తెలిస్తే బాగుంటుంది, మా అత్తగారు మంచంలో ఉండి కూడా చింతపండు గింజలు తీసి ఇచ్చేవారు, ఆ పని ఇంకెవరు ముట్టుకున్నా ఒప్పుకునేవారు కాదు. నాలుగో తరగతి పిల్ల తన బ్యాగు, తమ్ముడి బ్యాగు రాత్రే సర్దగలదు, వాటర్ బాటిళ్లు నింపగలదు. యూనిఫాం, సాక్సు, బూట్లు రాత్రే ఒక చోట ఉండాలి. పొద్దున ఇంట్లో పడే కేకల్లో సగం ఒక సాక్సు దొరకక పడేవే.

వంట సంగతి. పొద్దున ఏం చేయాలా అని ఆలోచించే పని పెట్టుకోవద్దు. వారానికి సరిపడా రాసి ఫ్రిజ్ మీద అంటించు. మన సీమ తిండిలోనే పొద్దుటికి పనికొచ్చేవి ఉన్నాయి. ఉగ్గాని చూడు, పుట్నాలు, ఎండుకొబ్బరి, ఉప్పు కలిపి పొడి ఆదివారమే కొట్టిపెట్టుకుంటే, పొద్దున బొరుగులు తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు వేసి తిరగమాత పెట్టి ఆ పొడి చల్లడమే, పావుగంట పని. బజ్జీలు ఆదివారానికి ఉంచుకో. రెండు రోజులు ఉగ్గాని, రెండు రోజులు ఇడ్లీ, ఒక రోజు చిత్రాన్నం, అదే బాక్సుకు కూడా సరిపోతుంది, ఇంకో రోజు దోశ మీద ఎర్రకారం రాసి ఇస్తే పిల్లలు మారుమాట్లాడకుండా తింటారు. బుడ్డల పొడి డబ్బాలో ఉంటే చట్నీ రుబ్బే పనీ ఉండదు. నీళ్లొచ్చే రోజుకు అన్నిటికన్నా తేలికైనది పెట్టుకో.

చివరికి, ఇది ముఖ్యం. ఐదున్నర నుంచి ఆరున్నర దాకా అమ్మ చదువుకుంటుంది అని ఇంట్లో అందరికీ తెలియాలి. దొంగచాటుగా, అందరూ లేవకముందే ముగించుకోవాలి అన్నట్టు చదవొద్దు. తలుపు దగ్గరికి వేసుకుని కూర్చో. బాబు లేచి ఏడిస్తే నాన్న ఉన్నాడు, నాయనమ్మ ఉంది.

సైకాలజీ_ఎమ్మే (కడప):

అందరూ పొద్దునే అంటున్నారు కాబట్టి ఒక మాట. అందరి శరీర గడియారం ఒకలా ఉండదు, కొందరికి పుట్టుకతోనే తల సాయంత్రం బాగా పనిచేస్తుంది. నెల రోజులు పదికి పడుకుని చూసినా పొద్దున చదువు సాగకపోతే, స్కూలు అయ్యాక అక్కడే ఖాళీ క్లాసురూములో నలభై నిమిషాలు కూర్చుని చదివి రావడం మంచిది. ఇంట్లో అడుగుపెట్టాక ఆ టైము దొరకదు.

ఇంకోటి, 21 రోజులు చేస్తే అలవాటు అయిపోతుందని వీడియోల్లో చెబుతుంటారు, దాన్ని పట్టుకుని దిగులు పడొద్దు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని తనంతట తాను జరిగిపోయేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. నీళ్లు తాగడంలాంటివి తొందరగా అలవాటయ్యాయి, వ్యాయామంలాంటివి ఆలస్యంగా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా తేడా రాలేదు. ఆ చివరి మాట మీకు పనికొస్తుంది, ఒక రోజు పోయిందని మొత్తం వదిలేయకండి.

పీటర్ గోల్‌విట్సర్ అనే సైకాలజిస్టు చెప్పింది కూడా ఉంది. పొద్దున చదవాలి అని ఊరికే అనుకోవడం కన్నా, ఎప్పుడు, ఎక్కడ, దేని వెంట అన్నది ముందే తేల్చుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుంది. 'పాలు కాచి స్టవ్ ఆపగానే వంటింటి పక్కన బల్ల దగ్గర కూర్చుని మెథడాలజీ (బోధనా పద్ధతులు) పుస్తకం తెరుస్తాను' అని ఒక కాగితం మీద రాసుకోండి. గడియారంలో టైము కన్నా పాలు కాచడం అనే పని మంచి గుర్తు, అది రోజూ ఎట్లాగూ జరుగుతుంది.

పాతబస్తీ_బట్టలకొట్టు (కర్నూలు):

అస్సలామ్ అలైకుమ్, నమస్తే. పైన బుడ్డల చేను అన్నయ్య కాలాన్ని బట్టి పొద్దు మారడం గురించి రాశాడు కాబట్టి నేనూ చెప్తాను. మా ఇంట్లో ఫజర్ (తెల్లవారుజాము) నమాజుకు లేవడం చిన్నప్పటి నుంచి అలవాటు. అది పొద్దుతో పాటు జరుగుతుంది, జూన్‌లో నాలుగున్నర ప్రాంతం, జనవరిలో ఐదున్నర. దాని వల్ల లేచే టైము సూర్యుడిని బట్టి మెల్లగా మారుతుంది, ఒళ్లు కూడా దాంతో పాటే నడుస్తుంది. మా పెద్దలు చెప్పే ఇంకో మాట, ఇషా (రాత్రి) నమాజు అయ్యాక ఊరికే కబుర్లు పెట్టుకోవద్దు, పడుకోవాలి అని. ఇప్పుడు కబుర్ల బదులు రీల్సు వచ్చాయి. రాత్రి ఆపగలిగిన వాడే పొద్దున లేస్తాడు, ఇది నేను మా కొట్లో కుర్రాళ్లకు రోజూ చెప్తా.

రంజాన్ నెలలో ఇదంతా తలకిందులు అవుతుంది. రాత్రి తరావీ నమాజు, తెల్లవారుజామున సహరీ భోజనం, నిద్ర రెండు ముక్కలు. ఆ నెల మామూలు రోజుల లెక్క పెట్టుకుంటే మనిషి నిలబడలేడు. మధ్యాహ్నం కాసేపు ఖైలూలా, అంటే చిన్న కునుకు, దాంతోనే నడుస్తుంది. కొట్టు లెక్కలు మామూలుగా పొద్దున ప్రశాంతంగా రాసుకుంటా, ఆ నెల జుహర్ (మధ్యాహ్నం) నమాజు తర్వాత రాసుకుంటా. రాయడం మాత్రం మానను. నేను చెప్పేది ఏమంటే మీకు రెండు రకాల పొద్దులు కావాలి. నీళ్లు రాని రోజుకు ఒకటి, వచ్చే రోజుకు ఒకటి. రెండూ ఒకేలా ఉండాలని పట్టుపడితే రోజు విడిచి రోజు మీ మనసు పాడవుతుంది. మా ఇంటావిడ ఏమంటుందంటే, మోటరు నడుస్తున్నంతసేపు బిందెల దగ్గర నిలబడే ఉండాలి కదా, ఆ టైములో చేతిలో చిన్న కాగితం పెట్టుకోవచ్చు అంటుంది. ఆమె ఖురాన్ సూరాలు అట్లాగే కంఠస్థం చేసింది.

మిద్దెమీద_పొద్దు (అనంతపురం):

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. అమ్మమ్మగారి మాటలు చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను, మా ఆయనకు కూడా చదివి వినిపించాను. నీళ్ల పని తను చూసుకుంటానన్నారు, బిందెలు మాత్రం ఎన్ని, ఏవి ఎక్కడ పెట్టాలో ఒకసారి చూపించమన్నారు. అత్తమ్మ అయితే జడ వేయడం నాకు ఇష్టమే, నువ్వు తొందరపడతావని నేను ముట్టుకోలేదు అన్నారు. ఆ మాట విని నాకు గొంతు పట్టేసింది.

ఇప్పుడు అనుకున్నది ఇది. పదింబావుకు పడుకోవడం, ఐదుంబావుకు లేవడం. దిద్దాల్సిన నోటుబుక్కులు ఇంటికి తేకుండా స్కూల్లోనే లీజర్ పీరియడ్‌లో, వదిలాక అరగంట ఉండి ముగించుకోవడం, రాత్రి ముందుగా పడుకోవాలంటే ఇంకో దారి లేదు. లేవగానే వాకిలి, పాలు, ఆ తర్వాత నీళ్లు రాని రోజు గంట చదువు. నాకు కష్టమైనది సైకాలజీ, విద్యా దృక్పథాలు, కాబట్టి అవే. నీళ్లొచ్చే రోజు మా ఆయన పట్టినా ఇల్లంతా చప్పుడు, అటూ ఇటూ తిరగడం, కాబట్టి ఆ రోజు కొత్త పాఠం పెట్టుకోను, ముందు రోజు చదివినదాన్నే చిన్న కాగితాల మీద రాసుకుని చూసుకుంటాను. ధ్యానం, డైరీ వదిలేశాను. నర్సు అక్కా, శనివారం రక్తపరీక్షకు వెళుతున్నాను.

రెండు సందేహాలు. ఆదివారం కూడా ఐదుంబావుకే లేవాలా? వారమంతా తక్కువైన నిద్ర ఆదివారం పడుకుంటే సరిపోదా? ఇంకోటి, పుట్నాల పొడి ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

ఏడురోడ్ల_అమ్మమ్మ (కడప):

కొబ్బరి వేస్తే వారం, పది రోజులకు మించి పెట్టొద్దు, ఎండాకాలం అయితే ఇంకా ముందే కనరు వాసన వస్తుంది. కొబ్బరి లేకుండా పుట్నాలు, ఉప్పు మాత్రమే కొట్టుకుంటే ఎక్కువ రోజులు ఉంటుంది, కొబ్బరి ఆ పూట తురుముకో. తడి చెంచా పెట్టొద్దు. మీ ఆయనకు బిందెలు చూపించు, కానీ ఒకసారి చూపించాక మళ్లీ వెనకాలే నిలబడి సరిచేయొద్దు. ఒక బిందె తక్కువ పడితే పడనీ.

నైట్‌డ్యూటీ_అక్క (కర్నూలు):

పరీక్షకు వెళుతున్నందుకు సంతోషం. రిపోర్టు వచ్చాక డాక్టరుకు చూపించండి, ఇనుము మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

ఆదివారం సంగతి. ఒక గంట ఎక్కువ పడుకోండి, ఆరుంబావు దాకా. ఎనిమిది, తొమ్మిది దాకా పడుకుంటే ఆ రాత్రి పదింబావుకు నిద్ర రాదు, సోమవారం పొద్దున మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకా నిద్ర చాలలేదు అనిపిస్తే మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు కునుకు తీయండి, అలారం పెట్టుకుని, మూడు లోపల. వారమంతా రోజుకు గంటన్నర తక్కువ పడుకుని ఒక్క ఆదివారంతో సరిచేయాలంటే కుదరదు, కాబట్టి వారం మధ్యలో ఏ రోజైనా రాత్రి పదకొండు దాటితే మర్నాడు ఆరుకే లేచి ఆ గంట చదువు వదిలేయండి. సైకాలజీ తమ్ముడు చెప్పాడు కదా, ఒక రోజు పోతే ఏమీ కాదు. వరసగా మూడు రోజులు ఆలస్యమైతే మాత్రం రాత్రి ఏ పని వల్ల ఆలస్యం అవుతోందో చూసుకుని ఆ ఒక్క పనిని మార్చండి.